మూడో వరస ఖాళీగా ఉండాది

మా ఫోర్‌మన్ మామ పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. దానికి సరిగ్గా వారం ముందు ఇంకో సంగతి తెలిసింది. ఆయన పదేళ్ళు తిరిగి రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలను మన బస్తీ తెలుగు సంఘం కార్యదర్శిగారు పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేసేశారు. ఈ రెండు సంగతుల మధ్య 'అందువల్ల' అనే మాట నేను పెట్టడం లేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు, డాక్టరు మాట నమ్ముతాను. కానీ రెండో సంగతి సంతాప సభలో ఒక్క నోరూ పలకలేదు. భాషాభిమాని అన్నారు, నిగర్వి అన్నారు, ఫోటోకు దండ వేశారు, రెండు నిమిషాలు నిలబడ్డారు. ఆ రెండు నిమిషాలూ నేను పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. అక్కడ నోరు చేసుకోకుండా ఆగింది మామ భార్య, మా అత్త ముఖం చూసి. ఆగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఈ కాగితం మీ చేతికి బస్టాపు దగ్గరో కాకా టీ అంగడి దగ్గరో వచ్చి ఉంటుంది. నేను పనిచేసే అచ్చాఫీసులో పెళ్ళికార్డులు కంపోజు చేసే కంప్యూటరు మీదే దీన్ని కొట్టాను. నేను పెద్ద పుస్తకాలు చదివినవాణ్ణి కాదు, కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. కరపత్రంలో ఎవరు అన్యాయం చేశారో మొదటి పేరాలోనే చెప్పాలి. చెప్పేశాను. ఇక ఆయన ఎవరో చెబుతాను.

ఆయన నాకు చుట్టం కాదు. బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీల వెనక ఉన్న వఠారంలో మాది మూడో ఇల్లు, వాళ్ళది నాలుగోది. మా అమ్మానాన్నలు కదిరి పక్క నుంచి సెంట్రింగ్ పనికి వచ్చినవాళ్ళు. ఆయన తాతలు అంతకు చాలా ముందే మగ్గాలతో వచ్చి బెంగళూరు పేటలో స్థిరపడ్డారు. మగ్గాలు పోయాక ఆయన గ్రైండింగ్ మిషను పని నేర్చి, ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ అయ్యాడు. వఠారంలో పిల్లలకూ పెద్దలకూ ఆయన ఫోర్‌మన్ మామే. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు దాన్ని ఒకసారి ఊపి చూసేవాడు. కాలు ఎగుడుదిగుడుగా ఉంటే జేబులోంచి కాగితం తీసి, మడిచి, కింద పెట్టి అప్పుడు కూర్చునేవాడు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ కింద ఆ మడత ఇప్పటికీ ఉంది.

ఆయనకు డచ్చి భాష రావడానికి కారణం దేశభక్తీ కాదు, సాహిత్యమూ కాదు. ఒక మిషను. తొంభైల మొదట్లో వాళ్ళ ఫ్యాక్టరీ హాలండ్ నుంచి వాడిన గ్రైండింగ్ మిషను తెప్పించింది. మిషనుతో వచ్చిన పుస్తకం మొత్తం డచ్చిలో ఉంది, ఇంగ్లీషు ముక్క లేదు. బిగించడానికి వచ్చిన హాలండ్ ఇంజనీరు మూడు నెలలుండి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మిషను మొరాయిస్తే దిక్కెవరు? మామ అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలవాళ్ళ దగ్గర తిరిగి తిరిగి అట్టలూడిన డచ్చి-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి సంపాదించాడు. మాటకు మాట వెతుక్కుంటూ పుస్తకం మొత్తం చదివాడు. గొంతులోంచి గరగరమని వచ్చే ఆ 'ఖ' శబ్దం మాత్రం ఇంజనీరు ఉన్నప్పుడే ఆయన దగ్గర పట్టాడు. గోడ అవతల ఆ గరగర విని, ఆయనకు దగ్గు పట్టుకుందని మా అమ్మ మిరియాల కషాయం కాచి పంపింది. ఆయన తాగేసి గ్లాసు కడిగి పంపాడు. దగ్గు కాదని చెప్పలేదు.

"చెప్పాల్సింది కదా మామా" అన్నాను తర్వాత.

"ఆయమ్మ అంత పొద్దు పొయ్యికాడ నిలబడి కాచింది. వద్దంటే యామన్నా బాగుంటాదా అప్పా?"

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకు దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెరుచుకుంది. వీళ్ళ ఫ్యాక్టరీలో చేసే వాల్వులు చూసుకోవడానికి కేప్‌టౌన్ నుంచి ఒకాయన వచ్చాడు. చామనఛాయ, ఉంగరాల జుట్టు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ను మనవాడే అనుకుని కన్నడంలో ఎవరు కావాలని అడిగాడట. మధ్యాహ్నం తిండి దగ్గర ఆయన తన ఊరికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే మామ చెంచా పక్కన పెట్టేశాడు. సగం అర్థమవుతోంది, సగం కావడం లేదు. డచ్చి లాగే ఉంది, డచ్చి కాదు. ఫోన్ పెట్టేశాక దగ్గరకెళ్ళి తనకు వచ్చిన డచ్చిలో పలకరించాడు. ఆయన కళ్ళు పెద్దవి చేసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడట.

"యాల నవ్వినాడో తెలుసునా? మా ముత్తాత కాలంలో చర్చిలో ఫాదరు మాట్లాడినట్ల మాట్లాడుతుండావు అన్నాడు. నాకు సిగ్గయిపోయింది. మిషను పుస్తకంలో బాస గదా, అట్లే ఉంటాది" అని చెప్పి మామ కూడా నవ్వాడు.

అదే ఆఫ్రికాన్స్. మూడు వందల యాభై ఏళ్ళ కిందట డచ్చివాళ్ళు ఆఫ్రికా కొసన దిగారు. వాళ్ళ మాట అక్కడి పశువుల కాపరుల నోళ్ళలో, ఓడల్లో తెచ్చిన బానిసల నోళ్ళలో, వాళ్ళ సొంత పిల్లల నోళ్ళలో నలిగి కొత్త భాష అయింది. డచ్చిలో వానను రేఖెన్ అంటే ఆఫ్రికాన్స్‌లో రీఅన్ అంటారు. గరగర పోయింది. పిట్టను వోఖెల్ అంటే వీళ్ళు ఫోఅల్ అంటారు. అక్కడా గరగర పోయింది. డచ్చిలో నేను, నువ్వు, మేము అని మనిషి మారితే క్రియ మారుతుంది, ఇందులో ఉన్నాను, ఉన్నావు, ఉన్నాం అన్నిటికీ ఒకే 'ఇస్'. డచ్చివాళ్ళు అరటిపండును బనాన్ అంటారు. వీళ్ళు మలయా నుంచి వచ్చిన బానిసల మాట తీసుకుని పీసాంగ్ అంటారు. ఇవన్నీ నాకు మామ చెప్పినవే. అప్పుడు చెవి సగమే పెట్టాను. ఇప్పుడు గుర్తున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

కేప్‌టౌన్ మనిషి వెళ్ళేముందు రోజు ఇంకో మాట చెప్పాడట. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు, ఆయన ముత్తవ్వకు ముత్తవ్వ పేరు చివర 'ఫన్ దె కస్ట్' అని రాసి ఉండేదని. అంటే తీరం నుంచి వచ్చినది అని. ఏ తీరం? మన తీరమే. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో, పులికాట్‌లో డచ్చివాళ్ళకు గిడ్డంగులుండేవి. ఆ తీరం నుంచి మనుషుల్ని కూడా ఓడలకెక్కించారు.

"ఆయమ్మ ఏం బాస మాట్లాడతా ఓడెక్కిందో ఎవురు జూసినారు" అన్నాడు మామ. "అరవమో, తెలుగో. వంటింట్లో నిలబెట్టి డచ్చిలో కేకలేసింటారు. ఆయమ్మ తనకు వచ్చినట్ల పలికింటాది. ఆ పలుకే పిల్లోళ్ళు పట్టుకున్నారు. మనోళ్ళ నోరు కూడా ఉండాది అప్పా దాంట్లో."

ఆ రోజే ఆయన లాంగ్ నోటుపుస్తకం కొన్నాడు. ఆరంగుళాల స్టీలు స్కేలుతో పేజీ పేజీకీ నిలువుగా గీతలు గీశాడు. మూడు వరసలు. మొదటి వరసలో డచ్చి మాట, రెండోదాంట్లో కేప్‌టౌన్ మనిషి తర్వాత పంపిన నిఘంటువు చూసి ఆఫ్రికాన్స్ మాట, మూడోదాంట్లో అదే వస్తువును, అదే పనిని మన బెంగళూరు తెలుగువాళ్ళు ఎలా అంటారో ఆ మాట. పుస్తకం తెలుగు కాదు, నోటి తెలుగు. ప్రతి మాట కింద చిన్న అక్షరాల్లో ఆ మాట ఇచ్చిన మనిషి గుర్తు. పూలమ్మే అవ్వ. కె.ఆర్.పురం స్టేషను ముందు చెప్పులు కుట్టే తాత. హెబ్బగోడి గార్మెంట్ అమ్మాయి. పాలమూరు మేస్త్రి పెండ్లాం.

ప్రతి ఆదివారం పొద్దున ఇడ్లీ తిని, గుడ్డ సంచిలో నోటుపుస్తకం పెట్టుకుని బయల్దేరేవాడు. నేను చాలా ఆదివారాలు వెంట వెళ్ళాను. ఎవరైనా ఒకరి ముందు గొంతుక్కూర్చుని చీపురో చేటో చూపించి "దీన్ని ఏమంటారమ్మా మీరు" అని అడిగేవాడు. సెన్సస్ ఆఫీసరనుకునేవారు. కె.ఆర్.పురంలో కట్టడం పనిచేసే ఒకాయన మామ నోరు తెరవకముందే నలుగురు పిల్లల పేర్లూ, చనిపోయిన అత్తగారి పేరూ చెప్పి, ఈసారైనా రేషన్ కార్డు ఇప్పించమని చేతులు పట్టుకున్నాడు. మామ పేర్లన్నీ రాసుకున్నాడు. మరుసటి వారం ఆయన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళి అర్జీ రాసిచ్చాడు. ఆ కుటుంబం దగ్గర్నుంచి మామకు ఎనిమిది మాటలు దొరికాయి.

"ఈయనకు పెండ్లాం మాట ఒగటి తప్ప లోకంలో అన్ని బాసలూ అర్థమవుతాయి" అనేది అత్త. మామ నోటుపుస్తకం తీసి, "ఏమంటివి? మళ్ళీ చెప్పు, రాసుకుంటా" అనేవాడు. అత్త దగ్గరున్నది ఏదైతే అది విసిరేది. ఎక్కువగా కొత్తిమీర కట్ట.

ఆ రోజుల్లో నాకు ఇదంతా పనిలేని పని అనిపించేది. నేను దక్షిణాఫ్రికాలోని సోవెటో గురించి ఒక కరపత్రం చదివి ఊగిపోతున్న కాలం అది. డెబ్బై ఆరులో నల్లపిల్లలు, బడి పిల్లలు, పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చెప్పొద్దని వీధిలోకి వస్తే పోలీసులు కాల్చారు. కరపత్రం పట్టుకుని నేరుగా నాలుగో ఇంటికి వెళ్ళాను. మామ పనినుంచి వచ్చి, నూనె జిడ్డు పోవడానికి చేతులకు రంపపు పొట్టు రుద్దుకుని కడుక్కుంటున్నాడు.

"ఏం మామా, హంతకుల బాస రాసుకుంటా ఉండావా పుస్తకాలకు పుస్తకాలు?"

"కూర్చో అప్పా. స్వల్ప కాఫీ తాగి తిట్టు."

"నాకొద్దు కాఫీ."

"నీకు వద్దంటే నాకన్నా కావల్ల గదా. ఏయ్, రెండు లోటాలు." లోపలికి కేకేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని కరపత్రం అందుకున్నాడు. నిలబడే చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. దాన్ని చేతిలోనే పట్టుకుని అన్నాడు: "ఆ బాసను మొదట్లో డచ్చోళ్ళు ఏమన్నారో తెలుసునా? వంటింటి బాస అన్నారు. కొంబైస్ అంటారు ఆఫ్రికాన్స్‌లో వంటింటిని. డచ్చిలో కొంబైస్ అంటే ఓడలో వంట చేసే గది. ఇంట్లో వంటిల్లును వాళ్ళు కోకెన్ అంటారు. ఈళ్ళు ఓడ దిగినా ఓడలో మాటే ఇంట్లో పెట్టుకున్నారు. ఆ వంటింట్లో మన ముసలమ్మలు, మలయా వాళ్ళు, ఆడి నల్లోళ్ళు కలిసి పలికిన బాస అది. దాన్ని మొదట మొదట రాసినోళ్ళలో సాయిబులుండారు, అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు. తరువాత తెల్లోళ్ళు ఇది మాది మాత్రమే అని కచేరీలో కుర్చీ ఏసి కూర్చోబెట్టినారు. బాస ఏం చేస్తాది?"

"చచ్చిన పిల్లోళ్ళకు ఆ కథ చెప్తావా మామా? వంటింట్లో పుట్టింది నాయనా, గమ్మున చదువుకో అని?"

నేను గట్టిగానే అన్నాను. కాఫీ తెచ్చిన అత్త గుమ్మంలో ఆగిపోయింది. మామ మళ్ళీ కరపత్రంలోకి చూశాడు. నేను విజయం సాధించినవాడిలా లేచి వచ్చేశాను.

మరుసటి రోజు సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చి నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాడు. గీతలు లేని పేజీ. అందులో తన వంకర అక్షరాలతో రాశాడు: ఈ బాసను బడి పిల్లోళ్ళ మీద రుద్దినారు. వాళ్ళు వద్దన్నారు. చంపినారు. కింద, మాట ఇచ్చిన మనిషి గుర్తు రాసేచోట, మూడో ఇంటి కోపిష్టి అని ఉంది.

"నువ్వు చెప్పింది నిజమే. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమైపోతాది. వంటింటి మాట కుర్చీ ఎక్కితే అది కూడా ఇంకో వంటింటిని తిడతాది. ఇంగో మాట అప్పా, ఆఫ్రికాన్స్‌లో కాదు అని రెండు తూర్లు అంటారు. వాక్యంలో ఒకసారి, కొసకు ఇంగొకసారి. డచ్చిలో ఒక్కటే. నీ మాదిరోడికి బాగా కుదురుతాది."

నన్ను అంత మర్యాదగా ఎవరూ ఓడించలేదు. అంత మర్యాదగా గెలిపించనూ లేదు.

ఆయన చెప్పిన వాటిలో నేను పదేపదే తలచుకునేది ఇంకొకటుంది. మేం ఇంట్లో మాట్లాడేది చెడిపోయిన తెలుగని బళ్ళో మాస్టరు అన్నాడని ఒకసారి మా చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. మామ దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి రెండు గేర్లు చూపించాడట. "ఇది కొత్త గేరు. పళ్ళు పళ్ళు గీరుకుని అరుస్తుంటాది. నూనె పోసి తిప్పుతా తిప్పుతా ఉంటే అంచులు పోయి జోడుకు జోడు కుదురుకుంటాది. దాన్ని చెడిపోయిందంటామా? రన్నింగ్ అయిందంటాం. డచ్చి కొత్త గేరు, ఆఫ్రికాన్స్ రన్నింగ్ అయిన గేరు. మీ ఇంట్లో మాట కూడా రన్నింగ్ అయిందని చెప్పు పో మీ మాస్టరుకు." అది వెళ్ళి చెప్పింది, ఇంకో దెబ్బ తినింది. కానీ ఏడవలేదు.

ఇప్పుడు సంఘం సంగతి. ఆ పుస్తకాలను సంఘానికి మోసుకెళ్ళింది కార్యదర్శిగారు కాదు, నేను. ఇది కూడా మీకు తెలియాలి. "ఇంగా కాలేదప్పా, గుంతకల్లు నుంచి వచ్చినోళ్ళ మాటలు పట్టనేలేదు" అని మామ వెనక్కి లాగుతూనే ఉన్నాడు. జనం సొత్తు జనానికి చేరాలి అని నేనొక డైలాగు కొట్టాను. కరపత్రంలో ఎన్నోసార్లు చదివిన వాక్యం. సంఘంవాళ్ళు వార్షికోత్సవానికి పుస్తకంగా వేస్తామన్నారు. నాలుగు నోటుపుస్తకాలూ ఖాకీ అట్టలు వేసి, కార్యదర్శిగారి బల్ల మీద పెట్టి వచ్చాను. జిరాక్సు తీయించాలన్న ఆలోచన నాకు రాలేదు. అచ్చుపనిలో బతికేవాడికి రాలేదు.

నాలుగు నెలల తర్వాత పిలుపొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుర్చీ ఊపి చూసి కూర్చున్నాడు. కార్యదర్శిగారు ప్లాస్టిక్ అట్ట వేసిన ఒక పెద్ద పుస్తకాన్ని రెండు చేతులతో అందించారు.

"చూడండి, ఎంత శోభగా వచ్చిందో. మా అమ్మాయి రెండు నెలలు కూర్చుని ఫెయిర్ చేసింది. తెలుగులో అక్కడక్కడా చిన్న దోషాలుంటే నేను దగ్గరుండి సరిచేయించాను. పదిమందీ చదివే పుస్తకం కదండీ."

మామ పేజీలు తిప్పాడు. మొదటి రెండు వరసలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. డచ్చి డచ్చిలాగే ఉంది, ఆఫ్రికాన్స్ ఆఫ్రికాన్స్‌లాగే ఉంది. మూడో వరసలో, ఆఫ్రికాన్స్ బాయె అన్న మాటకు ఎదురుగా పూలమ్మే అవ్వ ఇచ్చిన 'శానా' లేదు. 'మిక్కిలి' ఉంది. యాడ లేదు, ఎచట ఉంది. మాట ఇచ్చిన మనుషుల గుర్తులు ఒక్కటీ లేవు. అవెందుకు, అనవసరం అనుకుని ఉంటారు. హాలండ్ వాళ్ళ మాటను దిద్దడానికి వీళ్ళకు ధైర్యం చాలలేదు. కేప్‌టౌన్ వంటింటి మాటను కూడా గౌరవంగా వదిలేశారు. మన అవ్వ మాట దగ్గరికి వచ్చేసరికి ఎర్ర కలం దానంతటదే లేచింది.

మామ వేలు ఆ వరస మీద పైనుంచి కిందికి జారింది. "దస్తూరి ముత్యాల మాదిరి ఉండాది సార్" అన్నాడు. పుస్తకం మూసి, "నా పుస్తకాలు యాడుండాయి సార్?" అని అడిగాడు.

"అవింకా ఎందుకండీ? ఫెయిర్ కాపీ అయ్యాక రఫ్ ఎవరు దాచుకుంటారు? గది సర్దుతూ పాత పేపర్లతో పాటు వేసేశాం."

ఆయన ముఖంలో దాపరికం లేదు. మంచి పని చేశామన్న సంతోషమే ఉంది. చెడ్డవాడైతే నా కోపానికి దారి సుళువుగా ఉండేది. నేనేం అరిచానో ఇక్కడ రాయను, విన్నవాళ్ళు విన్నారు. రద్దీ అంగడికి పరిగెత్తాను. లోడు వెళ్ళి పది రోజులైందన్నాడు. అతని కాలర్ పట్టుకున్నాను. "చదువుకున్న పెద్దమనిషి ఇచ్చినాడన్నా, అందులో ఏముందని నేనెట్ల అనుకునేది" అన్నాడు. నిజమే. కాలర్ వదిలేశాను.

వెనక్కి వచ్చేసరికి మామ సంఘం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరం నడిచే వచ్చాం. ఫ్యాక్టరీ వీధి మలుపులో ఆగి అన్నాడు: "నీ తప్పు లేదప్పా."

"ఉంది మామా."

"సరే, ఉండాది అనుకో. ఇంటికి పోయి స్నానం చెయ్యి. రేపు ఒక లాంగ్ నోటుపుస్తకం తెచ్చిపెట్టు."

తెచ్చిపెట్టాను. ఆ వారమంతా సాయంత్రాలు ఇంటి ముందు అరుగు, జగలి మీద కూర్చుని స్టీలు స్కేలుతో గీతలు గీసి రాశాడు. ముప్పై పేజీలు దాటాయి. మొదటి వరస నిండింది, రెండో వరస నిండింది. మూడో వరసలో ఒక్క మాటా లేదు. ప్రతి గడిలోనూ కింద మనిషి గుర్తు కోసం ఒక చిన్న గీత మాత్రం గీసి పెట్టాడు.

"మూడోది నీకు తెలిసిందే కదా మామా, నువ్వే రాసెయ్యి" అన్నాను, తొందరపాటు మనిషిని కాబట్టి.

"నేను రాస్తే అది నా నోరవుతాది. అవ్వ నోరు యాడినుంచి తెస్తాను? డచ్చిది నిఘంటువులో ఉండాది. ఆఫ్రికాన్స్‌దీ ఉండాది, రేపు పోగొట్టుకున్నా అంగట్లో దొరుకుతాది. మూడోది మనుషుల తావ తప్ప యాడా లేదు. ఈ ఆదివారం ఒళ్ళు బాగలేదు. వచ్చే ఆదివారం నుంచి మళ్ళా తిరుగుదాం. ముందు కె.ఆర్.పురం."

ఆ ఆదివారం రాలేదు.

కార్యదర్శిగారి ఇంటి ముందు ధర్నా చేద్దామని నా మిత్రులు అన్నారు. నేనూ అన్నాను, ముందు అన్నది నేనే. నినాదాల అట్టలు కూడా రాశాం. ఆ అట్టలు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్తే ఆమె ఒకటే అడిగింది: "ఆడ కూర్చుని అరిస్తే ఆ గడులు నిండుతాయా నాయనా?" అట్టలు ఇప్పుడు మా కట్టెల పొయ్యి పక్కన ఉన్నాయి. కోపం మాత్రం అక్కడ పెట్టలేదు, నా దగ్గరే ఉంది. దానికి పని కావాలి.

అందుకే పిలుస్తున్నాను. పదకొండో రోజు అయ్యాక వచ్చే ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు, వఠారంలో నాలుగో ఇంటి జగలి దగ్గరికి రండి. ఈ పదేళ్ళలో మీ ముందు గొంతుక్కూర్చుని, చీపురో చేటో చూపించి, దీన్ని ఏమంటారని అడిగిన మనిషి మీకు గుర్తుంటే, ఆయనకు ఏం చెప్పారో అది మళ్ళీ చెప్పడానికి రండి. పూలమ్మే అవ్వా, ఆ రోజు ఒక్క గంపతో రా. హెబ్బగోడి అమ్మాయిలూ, మీ షిఫ్టు రెండింటికి అయిపోతుంది, నాకు తెలుసు. గుంతకల్లు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళూ రండి, మీ మాటలు ఆయన పట్టనేలేదు. పిల్లల్ని తీసుకురండి. సరిగ్గా మాట్లాడు అని దారిలో వాళ్ళను సతాయించకండి.

కార్యదర్శిగారూ, మీరూ రండి. మీ అమ్మాయిని కూడా పంపండి. ఆమె దస్తూరి బాగుందని ఆయనే అన్నాడు, ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. రాసే పని ఆమెకే ఇద్దాం. ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టే రాయాలి, కింద చెప్పినవాళ్ళ గుర్తు రాయాలి. ఎర్ర కలం ఇంట్లో పెట్టి రండి. వెనకటి మాటలు నేనెత్తను. ఎత్తితే అత్త ఉంది, కొత్తిమీర కట్ట ఉంది.

నోటుపుస్తకం జగలి మీదే ఉంది. అత్త దాన్ని లోపలికి తీసుకుపోవడం లేదు. ఆయన వదిలిన పేజీ దగ్గరే తెరిచి, గాలికి ఎగరకుండా స్టీలు స్కేలు అడ్డంగా పెట్టింది. ఫ్యాక్టరీ వీధిలోంచి లారీ పోయినప్పుడల్లా స్కేలు కింద కాగితం కొంచెం పైకి లేస్తుంది. రెండు వరసల నిండా ఆయన వంకర అక్షరాలు. మూడోదాంట్లో చిన్న చిన్న గీతలు, మన పేర్లకోసం, వరసగా.